కోర్ 2 డుయోలో విండోస్ 11 24హెచ్2: లోగో పడగానే రీస్టార్ట్ అవుతోంది

శుభలేఖ_డెస్క్, తెనాలి:
అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేస్తాం. పనంతా పేజీలు కూర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతోనే. సిస్టమ్ పాతది: కోర్ 2 డుయో ఈ7500, జీ41 బోర్డు, 4 జీబీ ర్యామ్. కిందటేడు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించాను. విండోస్ 10 బాగానే నడుస్తోంది గానీ 2025 అక్టోబరు 14తో దానికి సపోర్ట్ అయిపోయింది కదా, అందుకని 11 వేద్దామని కూర్చున్నాను.

బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో, 11లోని 24హెచ్2 వెర్షన్‌కు పెన్‌డ్రైవ్ చేశాను. విండోస్ 11 కోరే భద్రతా చిప్ టీపీఎమ్, బూట్ రక్షణ సెక్యూర్ బూట్ ఉన్నాయా అని అడగకుండా ఉండే టిక్కు పెట్టాను. బోర్డులో ఉన్నది పాత బూట్ ప్రోగ్రామ్ బయాస్ కాబట్టి, డిస్కు విభజనలో పాత పద్ధతి ఎంబీఆర్ ఎంచుకున్నాను. బూట్ చేస్తే లోగో ఒక్క క్షణం కనబడుతుంది, వెంటనే రీస్టార్ట్. ఎర్రర్ నంబరు లేదు, బ్లూ స్క్రీన్ లేదు. పెన్‌డ్రైవ్ మార్చి చూశాను, ర్యామ్ ఒక్కో స్టిక్కే పెట్టి చూశాను. చివరికి ఎస్‌ఎస్‌డీ కేబుల్ పీకేసినా అదే వరస.

మా వీధిలో రిపేర్ చేసే అబ్బాయి, కోర్ 2 క్వాడ్ ప్రాసెసర్ వేస్తే ఎక్కుతుందంటున్నాడు. డబ్బు పెట్టేముందు తెలిసినవాళ్లను అడుగుదామనిపించింది. పెళ్లిళ్ల సీజన్ ముందుంది, మెషీన్ పడుకుంటే మాకు రోజు గడవదు.

పాతబోర్డు:
మేడమ్, క్వాడ్ మాత్రం కొనకండి. ఎస్‌ఎస్‌డీ పీకినా అలాగే అయిందన్నారు కాబట్టి డిస్కు గొడవ కాదు. ఇప్పుడున్న విండోస్ 10లో, ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి, మొదటి పేజీలో ఇన్‌స్ట్రక్షన్స్ అన్న వరస చూడండి. ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాల జాబితా అది. అందులో ఎస్‌ఎస్‌ఈ 4.2 అని ఉందా?

శుభలేఖ_డెస్క్:
చూశానండి. ఎస్‌ఎస్‌ఈ 4.1 వరకే ఉంది. 4.2 లేదు.

పాతబోర్డు:
అదే కారణం. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్క తేడా తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

టీపీఎమ్, సెక్యూర్ బూట్, ఎనిమిదో తరం ప్రాసెసర్ అనేవి సెటప్ ప్రోగ్రామ్ చేసే తనిఖీలు. గేటు దగ్గర వాచ్‌మన్ లాంటివి. రూఫస్ చేసేదల్లా ఆ వాచ్‌మన్‌ను పక్కకు తప్పించడమే. అవి లేకపోయినా విండోస్ నడుస్తుంది.

మీకు అడ్డుపడ్డది తనిఖీ కాదు. 24హెచ్2 నుంచి విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్‌ను వాడుతోంది. ఒక సంఖ్యను బైనరీలో రాస్తే అందులో ఎన్ని ఒకట్లు ఉన్నాయో లెక్కపెట్టే ఇన్‌స్ట్రక్షన్ అది. ఇంటెల్‌లో ఇది ఎస్‌ఎస్‌ఈ 4.2తో పాటు 2008లో నెహలెమ్‌తో వచ్చింది, అంటే మొదటి తరం కోర్ ఐ7 నుంచి. మీ ఈ7500కి ఆ ఇన్‌స్ట్రక్షన్ అంటే ఏమిటో తెలియదు. కెర్నెల్ పైకి లేస్తూనే అది తగులుతుంది, మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. ఎర్రర్ చూపించే భాగం ఇంకా లోడ్ కాకముందే ఇదంతా జరిగిపోతుంది, అందుకే మీకు స్క్రీన్ మీద ఏమీ రావడం లేదు. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఏం మార్చినా లేని ఇన్‌స్ట్రక్షన్ పుట్టుకురాదు.

మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు సాకెట్ 775 రకం. ఆ సాకెట్‌లో కూర్చునే ఏ ప్రాసెసర్‌కూ, క్యూ9650 అయినా సరే, ఎస్‌ఎస్‌ఈ 4.2 లేదు. ఆ అబ్బాయికి మర్యాదగా వద్దని చెప్పేయండి.

24హెచ్2కి ముందు వెర్షన్ 23హెచ్2 అయితే ఎక్కుతుంది. కానీ హోమ్, ప్రో ఎడిషన్లకు 2025 నవంబరు 11తోనే దాని అప్‌డేట్లు ఆగిపోయాయి. మీరు 11కి వెళ్తున్నదే అప్‌డేట్ల కోసం కాబట్టి దానివల్ల లాభం లేదు.

హనుమకొండ_ప్రింట్స్:
అక్కా, మా దుకాణంల కూడా పేజ్‌మేకరే. ఇప్పటికిప్పుడు ఆ మెషీన్‌ను కదిలించకు. విండోస్ 10కి ఈఎస్‌యూ అని అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తున్నరు. వెర్షన్ 22హెచ్2 ఉండాలె. సెట్టింగ్స్‌ల విండోస్ అప్‌డేట్ పేజీలనే ఎన్‌రోల్ బటన్ కనపడతది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని చేసుకోవాలె. సీజన్ దానితోనే ఎల్లదీయి.

ఇంకోటి చెప్త, ఇది మాత్రం మర్వకు. ఏది ఫార్మాట్ చేసినా ముందుగాల అను ఫాంట్లన్నీ వేరే డ్రైవ్‌ల కాపీ పెట్టుకో. అవి ఏ మెషీన్‌లనైనా తెలుగుగనే కనిపించే యూనికోడ్ ఫాంట్లు కావు. ఫాంట్ లేని మెషీన్‌ల పాత శుభలేఖ తెరిస్తే పెళ్లికొడుకు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కనిపిస్తయి. కస్టమర్ ఎదురుంగ కూసున్నప్పుడు గట్లయితే మనసున పట్టదు.

శుభలేఖ_డెస్క్:
తమ్ముడూ, చాలా థ్యాంక్స్. ఈఎస్‌యూ ఎన్‌రోల్ చేసేశాను, అప్‌డేట్ కూడా దిగింది. సీజన్ అయ్యాక ఈ సిస్టమ్ పారేయడమేనా? లినక్స్ అయినా ఎక్కుతుందా?

పాతబోర్డు:
పారేయొద్దు. లినక్స్ మింట్ 22లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయండి, 4 జీబీకి సరిపోతుంది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. అయితే అన్ని లినక్స్‌లూ ఎక్కవు. రెడ్ హ్యాట్ 9, దాని ఆధారంగా వచ్చే ఆల్మా 9 కూడా ఎస్‌ఎస్‌ఈ 4.2 కావాలంటాయి. మింట్, డెబియన్ ఇంకా ఆ షరతు పెట్టలేదు. ఈ మెషీన్‌ను మెయిళ్లకు, వాట్సాప్ వెబ్‌కు, కస్టమర్లు పంపే ఫోటోలు దించుకోవడానికి వాడుకోండి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్‌లో పేజ్‌మేకర్‌ను నడపొచ్చని ఎవరైనా అంటే, రోజూ కూడు పెట్టే పనికి దాన్ని నమ్ముకోవద్దని నా మాట.

పేజ్‌మేకర్ కోసం సెకండ్‌హ్యాండ్‌లో నాలుగో తరం ఐ5 చూడండి, ఐ5-4570 లాంటిది. అది కూడా విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల లిస్టులో లేదు, కానీ ఎస్‌ఎస్‌ఈ 4.2 ఉంది కాబట్టి మీ చేతిలో ఉన్న ఆ పెన్‌డ్రైవ్ పద్ధతితోనే ఎక్కుతుంది. ఆ బోర్డుల్లో బయాస్‌కు బదులు కొత్త రకం యూఈఎఫ్‌ఐ ఉంటుంది, ఈసారి రూఫస్‌లో ఎంబీఆర్ బదులు జీపీటీ పెట్టండి. డబ్బు చేతిలో పెట్టేముందు షాపులోనే సీపీయూ-జెడ్ తెరిపించి ఇన్‌స్ట్రక్షన్స్ వరసలో ఎస్‌ఎస్‌ఈ 4.2 ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

శుభలేఖ_డెస్క్:
లిస్టులో లేని మెషీన్ కదా, తర్వాత అప్‌డేట్లు వాటంతటవే వస్తాయా?

పాతబోర్డు:
నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు మామూలుగా వస్తాయి. ఇలా దొడ్డిదారిన వేసిన మెషీన్లకు మైక్రోసాఫ్ట్ హామీ మాత్రం ఇవ్వదు, అందుకే ఫైళ్ల బ్యాకప్ ఎప్పుడూ బయట ఒకటి ఉంచండి. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌ను మీరే ఎక్కించుకోవాలి. కొత్త విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్ ఐఎస్‌వో దించి, దాన్ని డ్రైవ్‌లా తెరిచి (మౌంట్ చేసి), కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా తెరిచి ఆ డ్రైవ్‌లోకి వెళ్లి, సెటప్ ఫైల్ పేరు పక్కన ఒక ఖాళీ వదిలి, స్లాష్ ప్రొడక్ట్, మళ్లీ ఖాళీ, సర్వర్ అని కొట్టండి. విండోస్ సర్వర్ ఇన్‌స్టాల్ అవుతున్నట్టు చూపిస్తుంది, కంగారు పడొద్దు. ఎక్కేది మీ ఎడిషనే. ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచాలా అని అడిగే ఆప్షన్ వచ్చిందో లేదో చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. ఆ ఆప్షన్ వెలగకపోతే అక్కడే ఆపేసి ఇక్కడ రాయండి.