కృష్ణ దాటి గుంటూరు దాకా 220 కేవీ లైన్: ఊళ్ల మధ్య రూటు ఎలా తేల్చాలి?

రూట్‌మ్యాప్:
నదికి ఉత్తరాన విజయవాడ శివార్లలో ఒక సబ్‌స్టేషన్, గుంటూరు పక్కన ఇంకొకటి. సుమారు 30 కి.మీ., డబుల్ సర్క్యూట్ (ఒకే టవర్ల మీద రెండు లైన్లు, ఒక్కో దానికి మూడు ఫేజ్‌లు), జీబ్రా రకం కండక్టర్ (కరెంటు తీగ). తాడేపల్లి, మంగళగిరి దగ్గర ఎటు చూసినా లేఅవుట్లే, లైన్ కింద ఖాళీగా ఉంచాల్సిన 35 మీటర్ల కారిడార్ దొరికేలా లేదు. మోనోపోల్స్ (టవర్ బదులు ఒంటి స్తంభాలు) పెడితే సరిపోతుందా, భూగర్భ కేబుల్‌కి పోవాలా?

యాంగిల్‌పాయింట్:
సబ్‌స్టేషన్ల మధ్య తిన్నగా గీత గీసి మొదలుపెట్టకండి. మనం ఎంచుకోలేని చోట్లు ముందు ఖాయం చేయండి: నది దాటే చోటు, రైలు మార్గం దాటే చోటు, రెండు చివర్లలో బే గ్యాంట్రీలు (సబ్‌స్టేషన్‌లో లైన్ వచ్చి కట్టే చట్రాలు). మిగతా యాంగిల్ పాయింట్లు, అంటే లైన్ మలుపు తిరిగే చోట్లు, వాటి మధ్యే సర్దుకుంటాయి.

నది దగ్గర రెండు గట్ల మీదా టెన్షన్ టవర్లు (తీగ లాగుడును పట్టి ఆపేవి), మధ్యలో ఎత్తైన సస్పెన్షన్ టవర్లు (తీగను వేలాడదీసి మోసేవి), పైల్ ఫౌండేషన్. గరిష్ఠ వరద మట్టం, ప్రవాహం నది అడుగును కోసే లోతు జలవనరుల శాఖ నుంచి తీసుకోవాలి. కృష్ణ జాతీయ జలమార్గం-4లో భాగం కాబట్టి ఆ చోట పడవలకు ఎంత ఎత్తు వదలాలో జలమార్గాల సంస్థనూ అడగాలి. ఎత్తు టవర్లకి గన్నవరం విమానాశ్రయం ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) విషయం కూడా అప్పుడే చూసుకోండి.

ఉపగ్రహ చిత్రంలో పచ్చగా కనిపించే పొలం ఈపాటికే ప్లాట్లుగా అమ్ముడైపోయి ఉండొచ్చు. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ), కార్పొరేషన్ల నుంచి మంజూరైన లేఅవుట్లే కాదు, దరఖాస్తులో ఉన్నవీ అడగండి. చెక్ సర్వేలో (పని మొదలయ్యే ముందు టవర్ చోట్లను నేల మీద సరిచూసే సర్వే) టవర్లు జరపాల్సి వచ్చేది ఎక్కువగా వీటివల్లే.

మోనోపోల్ వల్ల తగ్గేది కింద పట్టే జాగా. కారిడార్ వెడల్పుని తేల్చేది గాలికి కండక్టర్ ఊగే దూరం. స్పాన్ (రెండు స్తంభాల మధ్య దూరం) 350 నుంచి 175 మీటర్లకి తెస్తే అదే టెన్షన్‌లో శాగ్ (తీగ కిందికి వేలాడే లోతు) నాలుగో వంతుకి పడిపోతుంది, ఊగడమూ ఆ మేరకు తగ్గుతుంది. ఇన్సులేటెడ్ క్రాస్‌ఆర్మ్ (ఇన్సులేటరే అడ్డచేయిగా ఉండేది) పెడితే ఇన్సులేటర్ స్ట్రింగ్ ఊగడం ఉండదు. 220 కేవీకి భవనం నుంచి నిలువుగా 5.5 మీ., అడ్డంగా 3.8 మీ. వదలాలి. నిలువు దూరం గరిష్ఠ శాగ్ దగ్గర, అడ్డం దూరం గరిష్ఠంగా ఊగినప్పుడు లెక్కేయాలి. ఒక్క అంతస్తు ఇల్లుంటే రేపు రెండోది వేస్తారనే అనుకోండి.

పట్టాదారు:
డబ్బు లెక్క ఇప్పుడే వేసుకోండి. 35 మీ. వెడల్పు అంటే కిలోమీటరుకు 8.65 ఎకరాలు. కేంద్ర విద్యుత్ శాఖ 2025 మార్చి మార్గదర్శకాల్లో కారిడార్ పరిహారం గ్రామాల్లో భూమి విలువలో 30 శాతం, మున్సిపాలిటీల్లో 45, కార్పొరేషన్లలో 60. మంగళగిరి–తాడేపల్లి కార్పొరేషనే కాబట్టి అక్కడ ప్రతి కిలోమీటరుకూ దాదాపు 5.2 ఎకరాల ధర కట్టినట్టు. టవర్ కింది జాగాకి 200 శాతం వేరే. రాష్ట్రం లోపలి లైన్‌కి ఇవి రాష్ట్ర ఉత్తర్వు ఉన్న మేరకే వర్తిస్తాయి, జీవో చూసుకోండి.

విద్యుత్ చట్టం సెక్షన్ 68 కింద ఓవర్‌హెడ్ లైన్‌కి ప్రభుత్వ ఆమోదం మొదట. అదే చట్టం సెక్షన్ 164 కింద టెలిగ్రాఫ్ అధికారాలు (ప్రైవేటు భూమిలో లైన్ వేసే అధికారాలు) మీ సంస్థకి ఉన్నాయో లేదో తర్వాత చూడండి. అవి లేకుండా పొలంలో దిగితే, అడ్డుకున్నప్పుడు కలెక్టర్ దగ్గర టెలిగ్రాఫ్ చట్టం 16(1) ఉత్తర్వు అడిగే దారి ఉండదు.

రూట్‌మ్యాప్:
మంగళగిరి దగ్గర 3 కి.మీ. మాత్రం కేబుల్ అనుకుంటే?

లింక్‌బాక్స్:
చేయొచ్చు. డ్రమ్ముకి 500 మీటర్ల దాకా వస్తుంది కాబట్టి ఒక్కో ఫేజ్‌కి ఐదారు జాయింట్లు. జాయింట్ బే (కేబుళ్లను అతికే గుంత) చోట్లు రోడ్డు అనుమతికి ముందే గుర్తించాలి, కూడలిలో పడితే తవ్వనివ్వరు. ఆ మట్టి చాలాచోట్ల నల్లరేగడి: ఎండితే బీటలిచ్చి వేడిని వదలదు. తవ్విన మట్టే తిరిగి పోస్తే కేబుల్ రేటింగ్ పడిపోతుంది. థర్మల్ బ్యాక్‌ఫిల్ (వేడిని బాగా వదిలే పూడిక) అంచనాలో రాయండి, వేసవిలో మట్టి థర్మల్ రెసిస్టివిటీ (వేడిని ఎంత అడ్డుకుంటుందో) కొలిపించండి.

ఆరు కేబుళ్లతో పాటు ఏడోది స్పేర్‌గా ఇప్పుడే పరచండి, జాయింట్ పోతే రిపేరు వారాలు పడుతుంది. కేబుల్ తనంతట తీసుకునే చార్జింగ్ (రియాక్టివ్ పవర్) కిలోమీటరుకు సర్క్యూట్‌కి 2.5–3 ఎంవీఏఆర్, 3 కి.మీ. ముక్కకి పెద్ద విషయం కాదు. రెండు చివరలా సర్జ్ అరెస్టర్లు (పిడుగు లాంటి వోల్టేజీ ఉప్పెనల్ని నేలకి పంపేవి) తప్పనిసరి.

చాలామంది వదిలేసేది ఆటో రీక్లోజ్, అంటే ఫాల్ట్‌తో ఆగిన లైన్‌ని దానంతటదే మళ్లీ కలపడం. ఓవర్‌హెడ్‌లో ఫాల్ట్ తరచూ దానంతటదే పోతుంది, కేబుల్‌లో పోదు. కేబుల్ ముక్కకి విడిగా డిఫరెన్షియల్ ప్రొటెక్షన్ (రెండు చివర్ల కరెంటును పోల్చి ఫాల్ట్ పట్టేది) పెట్టి, అది పనిచేస్తే రీక్లోజ్ బ్లాక్ అయ్యేలా చేయాలి. అందుకు ట్రాన్సిషన్ చోట (ఓవర్‌హెడ్ లైన్ కేబుల్‌గా మారే చోట) సీటీలు (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు), ఫైబర్ కావాలి. ఆ జాగా కూడా ఇప్పుడే సేకరణలో కలపండి.