సొంత ఖర్చుతో కథల పుస్తకం: ఫారాలు, ఒత్తులు, పోస్టు, ప్రదర్శన

లాంచీరేవు:
పద్నాలుగు కథలు, ఒక నవలిక. అన్నీ వర్డ్‌లో, యూనికోడ్‌లో ఉన్నాయి. సొంతంగానే వేస్తున్నాను, 300 కాపీలు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం చేతిలో ఉండాలి. ముందు ఏది తేల్చుకోవాలి? డబ్బు ఎక్కడ వృథా అవుతుంది? ఇంకోటి, రెండు కథలు 1960ల్లో రాజమండ్రి, కొవ్వూరు మధ్య నడుస్తాయి. వాటికి ఏం చదవాలో, ఎక్కడ తిరగాలో కూడా చెప్పండి.

ప్రెస్సుగల్లీ:
ముందు పేజీల లెక్క. కవరు బొమ్మ, ముందుమాటలు ఆ తర్వాత. ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లు చేసి వేసే అచ్చు) 16 పేజీలు ఒక ఫారం. పుస్తకం 163 పేజీలకి తేలిందంటే పదకొండో ఫారం మొదలైనట్టే. అందులో 13 పేజీలు ఖాళీ, ఖర్చు మాత్రం మొత్తం ఫారానికి. ఇన్నర్ టైటిలు, ఇంప్రింటు పేజీ (ప్రచురణ వివరాలు ఉండే పేజీ), విషయసూచిక, ముందుమాట అన్నీ కలుపుకుని 160కి దించండి. మూడు పేజీలు తగ్గించడానికి అక్షరం సైజు ముట్టుకోవద్దు. ప్రతి కథ చివరి పేజీ చూడండి, రెండు మూడు పంక్తులే మిగిలిన చోట కథలో ఒక్క పేరా బిగిస్తే పేజీ కలిసొస్తుంది.

300 కాపీలంటే డిజిటల్‌లోనే వేస్తారు. 500 దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు, ఎందుకంటే ప్లేట్ల ఖర్చు కాపీల మీద పరుచుకుంటుంది. డిజిటల్‌లో ఫారం పట్టింపు అంతగా లేదు, నాలుగు పేజీల గుణకమైతే చాలు. అయినా రెండో ముద్రణ ఆఫ్‌సెట్‌కి వెళ్ళే అవకాశం ఉంది కాబట్టి మొదటే ఫారానికి సర్దితే మళ్ళీ లేఅవుట్ చేయించక్కర్లేదు.

సైజు డెమ్మీ 1/8, అంటే ఐదున్నర ఇంటూ ఎనిమిదిన్నర అంగుళాలు. లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని) నేచురల్ షేడ్ కాగితం, కవరు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. కవరుకి నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) వదలాలి. వెన్ను మందం అంచనాగా వేసుకోవద్దు. అదే కాగితంతో తెల్ల డమ్మీ ఒకటి కట్టి ఇమ్మని ప్రెస్సు వాళ్ళని అడగండి, దాన్ని కొలిచాకే కవరు డిజైనర్‌కి చెప్పండి. వెన్ను ఒక్క మిల్లీమీటరు తప్పినా పేరు ముందట్ట మీదకి జారుతుంది.

ఒత్తులబడి:
మీది యూనికోడ్ కాబట్టి సగం తలనొప్పి తప్పింది. డీటీపీ వాళ్ళు దాన్ని యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్‌లో పెడతామంటే వద్దనండి. మార్పిడిలో ఒత్తులు, పొల్లులు పోతాయి. పైగా రేపు ఈబుక్ చేయాలంటే మళ్ళీ వెనక్కి మార్చుకోవాలి. ఇన్‌డిజైన్‌లోనే చేయించండి. కానీ అందులో వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. డబ్బు పెట్టలేకపోతే లిబ్రాఫీస్ చాలు.

అసలు ప్రమాదం కంటికి కనపడని అక్షరంతో. ‘బస్‌స్టాండు’లో పొల్లు విడిగా నిలవాలంటే దాని వెనక జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. వాట్సాప్‌లోంచో మెయిల్లోంచో కాపీ చేసినప్పుడు, ఫైలు ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి మారినప్పుడు అది ఊడిపోతుంటుంది. అప్పుడది ‘బస్స్టాండు’ అయిపోతుంది. అలాగే ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’. అచ్చుతప్పులు వెతికే కంటికి ఇది ఆనదు, పాఠకుడి కంటికి మాత్రం మొదటి పేజీలోనే దొరుకుతుంది. వర్డ్‌లో పొల్లు తర్వాత కర్సర్ పెట్టి 200సి (సి మాత్రం ఇంగ్లీషు అక్షరం) కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే అది వచ్చేస్తుంది. లేఅవుట్‌కి ఇచ్చేముందు ఇలాంటి మాటల జాబితా ఒకటి రాసుకుని, లేఅవుట్ అయ్యాక పీడీఎఫ్‌లో ఒక్కొక్కటీ వెతకండి. ప్రూఫు ఎప్పుడూ పీడీఎఫ్ ప్రింటు మీదే చూడాలి. వర్డ్‌లో సరిగ్గా ఉండటం లెక్కలోకి రాదు.

ఫాంటు మండలి బాగుంటుంది, శీర్షికలకి రామభద్ర. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల లీడింగ్ (పంక్తికీ పంక్తికీ దూరం) అంకెలతో ఇవ్వండి. ఇన్‌డిజైన్‌లో ఆటోకి వదిలేస్తే 12కి 14.4 పాయింట్లే వస్తుంది, తెలుగుకి అది చాలదు. మరీ బిగిస్తే ‘లక్ష్మి’ కింది మకారం కింద పంక్తి గుడికి తగులుతుంది. తెలుగు మాటలు పొడవు కాబట్టి రెండు అంచులూ సమానం చేస్తే మధ్యలో ఖాళీలు పడతాయి. హైఫనేషన్ పెట్టుకోండి, కానీ విరిగిన ప్రతి మాటా చూడాలి.

ధూల్‌పేట:
కాగితం గ్రెయిన్ సంగతి ఎవ్వరు చెప్తలేరు. పోగు వెన్నుకు సమానంగ ఉండాలె. అడ్డం పడిందనుకో, బుక్కు తెరిస్తే తెరుచుకోదు, వానకాలంల పేజీలు అలలు అలలుగ లేస్తయ్. గమ్ము కూడ జల్ది ఇడుస్తది. డమ్మీ చేతికిచ్చినప్పుడే ఒక కాగితం పొడుగ్గ ఒకసారి, అడ్డంగ ఒకసారి వంచి చూడున్రి. సులువుగ వంగిన దిక్కే పోగు.

కవరు ముడుచుకునుడు ఇంకో బాధ. లామినేషన్ ఒక్కదిక్కే ఉంటది గద, లోపలి కాగితం చెమ్మ పీల్చి సాగుతది, పైన ప్లాస్టిక్ సాగది, అట్ట బయటికి ఒంగుతది. బైండింగ్ కాంగనే కట్టలు కట్టి ఒక దినమన్న బరువు కింద పెట్టమనున్రి. నల్ల కవరు మీద మ్యాట్ వద్దు, ప్రతి గీత, ప్రతి ఏలిముద్ర కొట్టొచ్చినట్టు కనపడ్తది.

మూటముల్లె:
పేజీల లెక్క పోస్టులో కూడా అక్కరకొస్తుందండీ. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మే 1 నుంచి దాని చోట జ్ఞాన్ పోస్ట్ నడుస్తోంది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, తర్వాత శ్లాబులు పెరుగుతూ 5 కిలోలకి 100, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గంలోనే పోతుంది కాబట్టి తొందరపడేవాళ్ళకి పనికిరాదు. ప్యాకెట్ మీద జ్ఞాన్ పోస్ట్ అని రాయాలి. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో అచ్చయి ఉండాలి. సొంత పుస్తకాలకి ఇంప్రింటు పేజీలో ఇదే మర్చిపోతుంటారు.

ఇప్పుడు తూకం. డెమ్మీలో 160 పేజీలు 70 జీఎస్ఎం అయితే లోపలి కాగితం 170 గ్రాములు, అట్ట 20. మొత్తం 190. కవరు, టేపు కలిపినా 300 దాటదు. 224 పేజీల దాకా నిశ్చింత. 240 అయితే అంచున నిలబడుతుంది. ఆ 240కి కాగితం 80 జీఎస్ఎం అన్నారా, తర్వాతి శ్లాబులోకి పోయినట్టే. ప్రదర్శనకి 100 కాపీలు తీసుకెళ్తే 19 కిలోలు. రైల్లో స్లీపరుకి 40 కిలోలు, సెకండ్ క్లాసుకి 35 ఉచితమే కానీ అది సొంత సామానుకి, అమ్మకపు సరుక్కి కాదు, కాబట్టి ముందే స్టేషన్లో కనుక్కోండి. ఒకే పెట్టెలో కుక్కకుండా రెండు చిన్న పెట్టెలు చేయండి. పుస్తకాలు పడుకోబెట్టి, వెన్నులు ఒకసారి అటు ఒకసారి ఇటు పెట్టి సర్దితే కట్ట వంగదు, మూలలు నలగవు.

ప్రెస్సుగల్లీ:
ధర మాట కూడా అనుకోండి. పంపిణీదారు కమీషను 40 శాతం దాకా ఉంటుంది. ఉదాహరణకి కాపీకి 70 పడి, వెల 120 పెట్టారనుకోండి, చేతికి 72 వస్తుంది. రాకపోకలు, నలిగిన కాపీలు, ఊరికే ఇచ్చేవి కలిపితే నష్టమే. అచ్చు ఖర్చుకి మూడు రెట్ల కంటే తక్కువ వెల పెట్టొద్దు. అమ్మాక ఇచ్చే లెక్క మీద కాపీలు దించితే చలానా రెండు ప్రతులు రాయించి ఒకదాని మీద సంతకం తీసుకోండి. నోటిమాట మీద ఇచ్చిన కాపీలకి లెక్క ఎప్పటికీ తేలదు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) కోసం ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, రచయిత తన పేరుతోనే అప్లై చేసుకోవచ్చు. అక్టోబరులోనే పెట్టేయండి. నంబరు రాకుండా కవరు అచ్చుకి వెళ్తే తర్వాత స్టిక్కర్లు అంటించుకుంటూ కూర్చోవాలి.

గట్టుమీద:
1960ల కథలకి నా వంతు. అన్నిటికంటే ముందు బ్రిడ్జి సంగతి చూసుకోండి. రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చింది 1974లో. అంతకుముందు రాజమండ్రిలో గోదారి దాటాలంటే హేవ్‌లాక్ వంతెన మీద రైల్లోనో, రేవులో లాంచీయో పడవో ఎక్కో పోవాలి. మీ పాత్ర 1965లో బస్సులో వంతెన దాటి కొవ్వూరు వెళ్తే కథ అక్కడే ఆగిపోతుంది. జిల్లాల పేర్లూ అంతే, ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు 1972లో. నయాపైసలు 1957 ఏప్రిల్ నుంచి. కాబట్టి 1965 కొట్లో పైసలు చేతులు మారతాయి, ముసలివాళ్ళ నోట మాత్రం అణా, బేడా పోవు.

చదవడానికి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఎలాగూ ఉంది. వేటపాలెం సారస్వత నికేతనం (1918) కూడా చూడండి, చీరాల దగ్గరే. పాత పత్రికల్లో కథలు కాదు, ప్రకటనలు చదవండి. సబ్బు ఎంత, సైకిలు ఎంత, ఏ సినిమా ఏ హాల్లో అన్నీ అక్కడే ఉంటాయి. వారపత్రికలు బైండు చేసినప్పుడు చాలాచోట్ల అట్టలు, ప్రకటన పేజీలు తీసేస్తారు. అందుకని దినపత్రికలు మేలు.

తిరగడానికి కథలో ఏ నెలయితే ఆ నెలలోనే వెళ్ళండి. తేగలు చలికాలంలో, ముంజలు ఎండాకాలంలో. డెల్టాలో సార్వా నాట్లు వానలతో, దాళ్వా నాట్లు సంక్రాంతి అటూఇటూ. మే నెల కథలో రేవు దగ్గర తేగలు అమ్మించారంటే కోనసీమ పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. ఫొటోలు అందరూ తీస్తారు, ధ్వనులు రాసుకోండి. రేవులో ఏమని కేకేస్తారు, బండివాడు ఎద్దుని ఏమని అదిలిస్తాడు, అలాంటివి.

లాంచీరేవు:
వంతెన మాట మంచి సమయానికి చెప్పారు గట్టుమీద గారూ, రెండో కథలో బస్సు ఉంది. లాంచీకి మారుస్తాను. ఇంకో అనుమానం. ఒక కథలో ఆ కాలం సినిమా పాట నాలుగు పంక్తులు ఉంది, ఉంచొచ్చా?

ఒత్తులబడి:
తీసేయండి. మన దగ్గర కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా ఉంటుంది. అనుమతి తెచ్చుకోవడం మీరు పుస్తకం వేసుకోవడం కంటే పెద్ద పని. రేడియోలో పాట వస్తోందని రాసి, వినేవాడు ఏం చేస్తున్నాడో రాస్తే సరిపోతుంది. సామెతలకి, పల్లెపదాలకి ఆ బెడద లేదు.

మూటముల్లె:
పుస్తకం బయటికొచ్చిన 30 రోజుల్లోగా 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి ఒక్కో కాపీ మన ఖర్చుతో పంపాలి. 300లో ఆ నాలుగూ మొదటే పక్కన పెట్టేయండి, ప్రదర్శనకి మోసుకెళ్ళే పెట్టెల్లో కలపకండి. స్టాలు ఒక్కరే తీసుకుంటే అద్దె రాదు, నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోండి. క్యూఆర్ కోడ్ ఎవరిదో ఒకరిదే పెట్టి, బిల్లు పుస్తకంలో ఏ పుస్తకం ఎన్ని పోయాయో రాత్రికి రాత్రే లెక్క కట్టుకోండి. మర్నాటికి వదిలేస్తే తేడాలొస్తాయి.