మా కూలి లెక్కేస్తే కందిపొడి ధర దుకాణంలో నిలవడం లేదు

మేం ముగ్గురం, ఒకే డ్వాక్రా సంఘం. ఫిబ్రవరిలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రంలో 10 రోజుల శిక్షణ తీసుకున్నాం. అప్పటిదాకా మా కష్టాన్ని ఖర్చులో వేసుకోవాలని ఎవరికీ తట్టలేదు. అక్కడ నేర్చుకున్నది అదే, ఇప్పుడు చిక్కూ అక్కడే వచ్చింది.

10 కిలోలు చేస్తే 200 గ్రాముల ప్యాకెట్లు 50. సరుకులు 1,680, గ్యాస్ 120, కవర్లు, లేబుళ్ళు 200. అంటే ప్యాకెట్‌కు 40 రూపాయలు. ముగ్గురికీ రోజుకు 350 చొప్పున కూలి కూడా కలిపితే ప్యాకెట్‌కు 61. దుకాణదారు అమ్మే ధరలో 20 శాతం అడుగుతున్నాడు. అదీ కలిపితే మా ధర 70 దాటిపోతోంది, పక్కనే వేరే కంపెనీ ప్యాకెట్ 70కే దొరుకుతోంది.

65కి పెట్టి చూశాం. మా చేతికి 52 వచ్చింది, అంటే మనిషికి కూలి 200 మాత్రమే. 100 గ్రాముల ప్యాకెట్లు కట్టాం, కవర్ల ఖర్చు రెట్టింపైంది. మరలో పట్టిస్తే పొడికి మిరపకారం వాసన పట్టింది. ఆ విడత అమ్మలేదు. ఆదివారం సంతలో నేరుగా అమ్మితే వారానికి 12 ప్యాకెట్లు దాటడం లేదు.

చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద యంత్రాలకు 35 శాతం సబ్సిడీ ఉందని విన్నాం. కానీ గిట్టుబాటు తేలకుండా మిగతా దానికి అప్పు చేయాలంటే భయంగా ఉంది.

వేయించడం, మిక్సీ పట్టడం కలిపి 6 గంటలు, ప్యాకింగ్ ఇంకో 2 గంటలు పడుతోంది.

ఇంత చిన్న మోతాదులో పొడులు చేసి దుకాణాలకు వేస్తున్న అక్కలు, చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి: కూలి తగ్గించుకోకుండా మీరు మొదట ఏ ఖర్చు తగ్గించారు?