పరాయి దేశంలో అక్కాతమ్ముళ్లు రోజంతా పక్కపక్కనే ఉండాలా?

గోదావరి గట్టు (ప్రశ్న అడిగినవారు)

డిసెంబరులో నేనూ మా తమ్ముడూ కంబోడియా వెళ్లొచ్చాం. నాకు 51, వాడికి 46. నేను రాజమండ్రిలో ఉంటాను, వాడు పుణెలో. పెళ్లిళ్లయ్యాక మేమిద్దరమే కలిసి ఎక్కడికైనా వెళ్లడం ఇదే మొదటిసారి. అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు వాడే అన్నాడు, "అక్కా, ఈసారి పిల్లలూ వాళ్లూ ఎవరూ వద్దు, మనిద్దరం ఆంగ్‌కోర్ వాట్ చూసొద్దాం" అని. మా చిన్నప్పుడు ఆ గుడి బొమ్మ ఉన్న క్యాలెండర్ ఒకటి హాల్లో ఏళ్ల తరబడి వేలాడింది. నాన్న దాన్ని తీయనిచ్చేవాడు కాదు.

అక్కడి గుళ్లు చూడ్డానికి మూడు రోజుల పాస్ 62 డాలర్లు, వారం పాస్ 72. పది డాలర్లే తేడా కదా అని వారం పాస్ తీసుకున్నాం. మొదటి రెండు రోజులు హాయిగా గడిచాయి. బయోన్, తా ప్రోమ్ గుళ్లు, మేం దిగిన సియెమ్ రీప్ ఊరికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న బాంతేయ్ స్రేయ్ గుడి చూశాం. గొడవంతా మూడో రోజే.

తెల్లవారి 5 గంటలకే ఆంగ్‌కోర్ వాట్ చేరాం. ఆ గుడి పడమటి ముఖంగా ఉంటుంది. అందుకే గోపురాల వెనక నుంచి సూర్యుడు రావడం కనిపిస్తుంది. అది చూశాక అన్నిటికంటే పైనున్న అంతస్తు దగ్గరికి వెళ్లాం, బకాన్ అంటారు. మెట్లు నిటారుగా ఉన్నాయి. కొద్దికొద్దిమందినే పైకి పంపుతారు కాబట్టి క్యూ కూడా ఉంది. నాకు మోకాళ్ల నొప్పి. "నువ్వు వెళ్లిరా, నేను కింద కూర్చుంటాను" అన్నాను. ముప్పావు గంటైనా వాడు రాలేదు. నేను మెల్లగా లేచి తూర్పు వైపు మండపంలో ఉన్న క్షీరసాగర మథనం శిల్పం చూడ్డానికి వెళ్లాను. వాడు దిగి చూస్తే నేను లేను.

మా ఇద్దరికీ కలిపి ఒకటే సిమ్, అది వాడి ఫోన్‌లో. డాలర్లు, పాస్‌లు, పాస్‌పోర్టులు అన్నీ వాడి భుజం సంచిలోనే ఉన్నాయి. దాదాపు రెండు గంటలు ఒకరినొకరు వెతుక్కున్నాం. కనబడగానే వాడు అంతమందిలో అరిచాడు, "కూర్చోమన్న చోటు నుంచి ఎందుకు కదిలావు?" అని. నేనూ ఊరుకోలేదు. మిగిలిన రోజులు అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

ఇప్పుడు వాడు ఇంకో ప్రయాణం అంటున్నాడు, కానీ ఈసారి నిమిషం కూడా విడిపోకూడదట. నేనేమో రోజూ ఒక పూట ఎవరి దారిన వాళ్లం తిరుగుదాం, మిగతా పూట కలిసి ఉందాం అంటున్నాను. మీరు ఏమంటారు?

వరంగల్ బడిపంతులు

అమ్మా, నేను మీ తమ్ముడి వైపే. ఆంగ్‌కోర్ వాట్ తొమ్మిది వందల ఏళ్లుగా అక్కడే ఉంది, ఇంకా ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత మీ ఇద్దరికీ దొరికిన ఆ కొద్ది రోజులు అట్ల కాదు కదా. శిల్పాలు చూడ్డమే ముఖ్యమైతే అంతదూరం ఎందుకు? కంబోడియాలో ఏడవ జయవర్మ ఇంకా రాజ్యం చేస్తున్న రోజుల్లోనే, 1213లో, ఇక్కడ మా రామప్ప గుడి కట్టారు. పాలంపేటకు బస్సెక్కితే చాలు.

2019లో నేనూ మా అన్నయ్యా శ్రీలంక వెళ్లినం. సిగిరియా కొండ కింద నిలబడి పైకి చూసి, ఆయన ఎక్కలేనన్నడు. మెట్లు వెయ్యికి పైనే ఉంటాయి. నన్ను వెళ్లిరమ్మన్నడు. టికెట్ కొన్నాక కూడా నేను ఎక్కలేదు. కింద నీటి తోటల పక్కన చెట్టు నీడలో ఇద్దరం రెండు గంటలు కూర్చున్నం. మా నాయన అప్పుల సంగతి, భూమి ఎందుకు అమ్మిండో, నాకు అంతవరకు తెలియనివన్నీ ఆ రోజే చెప్పిండు. 2021లో అన్నయ్య పోయిండు. ఆ కొండ మీద ఏముందో నేను ఇప్పటికీ చూడలేదు. చూడాలని కూడా అనిపించదు.

మస్కట్ నర్సు

పంతులుగారూ, మీరు చెప్పింది చదివి కాసేపు అలా ఉండిపోయాను. కానీ అక్కగారి విషయంలో అసలు తప్పు విడిపోవడం కాదండీ. అన్నీ ఒకే సంచిలో ఉండటం.

నేను 14 ఏళ్లుగా పరాయి దేశంలో పనిచేస్తున్నాను. ఇక్కడికొచ్చిన కొత్తలో సీనియర్ సిస్టర్ చెప్పిన మొదటి మాట: నీ పాస్‌పోర్ట్, నీ డబ్బు, నీ ఫోన్ ఇంకెవరి చేతుల్లోనూ పెట్టకు, సొంత అన్న అయినా సరే. ప్రేమ లేక కాదు. ఆ సంచి పోతే ఏమవుతుందో ఆలోచించండి. ఇద్దరూ ఒకేసారి చిక్కుకుంటారు. మన రాయబార కార్యాలయం ఉన్నది ఫ్నామ్ పెన్‌లో. సియెమ్ రీప్ నుంచి అది 300 కిలోమీటర్ల పైమాటే. అక్కడిదాకా వెళ్లడానికి బస్సు డబ్బులైనా ఒకరి జేబులో ఉండాలి కదా.

పైగా ఆంగ్‌కోర్ పాస్ మీద ఎవరి ఫొటో వాళ్లది ఉంటుంది, గుడి గుడికీ చూస్తారు. మీ పాస్ మీ తమ్ముడి దగ్గరుంటే, ఆయన లేకుండా మీరు పక్క గుడిలోకి కూడా వెళ్లలేరు. ఆ రెండు గంటలూ మీరు చిన్నపిల్లలా అయిపోయారు. మీకు వచ్చిన కోపం దాని గురించేనని నా అనుమానం.

సిమ్ కొన్ని డాలర్లకే వస్తుంది. గ్రాబ్, పాస్‌యాప్ లాంటి బండి పిలిచే యాప్‌లు ఫోన్‌లో ఉంటే టుక్‌టుక్ తనే వస్తుంది, బేరం కూడా అక్కర్లేదు. హోటల్ పేరు ఖ్మేర్ లిపిలో ఉన్న కార్డు ఒకటి పర్సులో పెట్టుకుంటే సరి. ఇవి ఉంటే విడిపోయినా టెన్షన్ లేదు. ఇవి లేకుండా ఎంత అంటిపెట్టుకు తిరిగినా ప్రమాదమే.

తెనాలి తమ్ముడు

నేను తమ్ముణ్ణి కాబట్టి తమ్ముడి మాట కూడా వినండి.

రెండేళ్ల క్రితం మా అక్కతో బ్యాంకాక్ వెళ్లాను. శని ఆదివారాల్లో జరిగే చతుచక్ సంతలో తప్పిపోయాం. వేల కొట్లు, అన్ని సందులూ ఒకేలా ఉంటాయి. అక్క ఫోన్ చార్జింగ్ అయిపోయింది. మస్కట్ నర్సుగారు చెప్పినట్టు డబ్బూ పాస్‌పోర్టూ అక్క దగ్గరే ఉన్నాయి. అయినా ఆ మూడు గంటలు నాకు అన్నం నీళ్లు గుర్తు లేవు. బావకి ఫోన్ చేయాలా వద్దా, చేస్తే ఏమని చెప్పాలి, ఇదే ఆలోచన. అక్క తాపీగా కొబ్బరి ఐస్‌క్రీమ్ తింటూ కనిపించింది. నేనూ అరిచాను. ఆ అరుపు గురించి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను, కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

మన ఇళ్లల్లో "అక్క జాగ్రత్త" అని పదేళ్ల మగపిల్లాడికి కూడా చెప్పి పంపుతారు. అక్క వాడికంటే ఆరేళ్లు పెద్దయినా సరే. ఆ మాట యాభై ఏళ్లొచ్చినా బుర్రలోంచి పోదు. అందుకే సంచి కూడా వాడే మోశాడు. మిమ్మల్ని చిన్నపిల్లను చేద్దామని కాదు.

పనికొచ్చే మాట ఒకటి: ఆ సంత మధ్యలో గడియార స్తంభం ఉంది. తప్పిపోతే అక్కడికి రావాలని ముందే అనుకుని ఉంటే పది నిమిషాల్లో కలిసేవాళ్లం. మీరూ ఏదో ఒక చోటు ముందే అనుకోండి.

గోదావరి గట్టు

తమ్ముడూ, ఆ "అక్క జాగ్రత్త" మాట నాకు తట్టలేదు. మా అమ్మ కూడా అలాగే అనేది, నేను తొమ్మిదో క్లాసులో ట్యూషన్‌కి వెళ్తుంటే నాలుగో క్లాసు వాణ్ణి తోడు పంపి. నిజమే.

కానీ నేను ఎందుకు కదిలానో కూడా చెప్పాలి. ఆ క్షీరసాగర మథనం శిల్పం దాదాపు 49 మీటర్ల పొడవు. ఎడమ వైపు 92 మంది రాక్షసులు, కుడి వైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. మధ్యలో విష్ణువు, కింద కూర్మం. కవ్వానికి దగ్గరగా ఉన్న చేపలూ మొసళ్లూ ఆ తిప్పుడుకి రెండు ముక్కలైపోతాయి. అవి చూసి నేను అక్కడే ఆగిపోయాను. మా అమ్మ మజ్జిగ చిలుకుతూ ఈ కథే చెప్పేది. "మరి సముద్రంలో చేపలు ఏమయ్యాయమ్మా?" అని నేను అడిగితే, "కవ్వం కింద పడ్డవాటికి దారేముందే" అనేది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల నాటి రాతి మీద అదే జవాబు.

నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డాను. వాడు పక్కనుంటే ఐదు నిమిషాలకి "అక్కా, ఎండెక్కుతోంది" అనేవాడు. అందుకే ఒక పూట నాది నాకు కావాలంటున్నాను.

చిన్నక్క

మేము ఇద్దరం అక్కచెల్లెళ్లం, కలిసి ఎనిమిది దేశాలు తిరిగాం. విడిగా తిరగడమే మా పద్ధతి. దాని వల్ల దూరమవుతామన్న మాట మాత్రం ఒప్పుకోను. మా చెల్లెలు మ్యూజియంలో మూడు గంటలుంటుంది. నేను అరగంటలో బయటపడి కూరగాయల మార్కెట్‌కి పోతాను. రాత్రి భోజనం దగ్గర ఎవరేం చూశామో చెప్పుకుంటాం. రోజంతా అంటుకుని తిరిగితే చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

ఆంగ్‌కోర్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాయాలనిపించింది. అక్కడి ఫిమియానకాస్ గుడి దగ్గర ఒక సంస్కృత శాసనం దొరికింది. రాసింది ఇంద్రదేవి అనే రాణి. తన చెల్లెలు జయరాజదేవి గురించి రాసింది. ఇద్దరూ ఏడవ జయవర్మ భార్యలే. చెల్లెలు చనిపోయాక రాజు అక్కను పెళ్లి చేసుకున్నాడు. భర్త యుద్ధానికి వెళ్లి దూరంగా ఉన్నప్పుడు చెల్లెలు ఎంత బాధపడిందో, ఎలాంటి వ్రతాలు పట్టిందో ఆ అక్క శ్లోకాల్లో చెప్పింది. ఒక తోబుట్టువు గురించి ఇంకో తోబుట్టువు అంత శ్రద్ధగా రాసిన పాత మాట నాకు ఇంకెక్కడా కనబడలేదు. సియెమ్ రీప్ వెళ్లేవాళ్లు బయోన్ చూసి తిరిగొచ్చేస్తారు. ఫిమియానకాస్ అక్కడికి దగ్గరే, తప్పకుండా వెళ్లండి.

వరంగల్ బడిపంతులు

గోదావరి గట్టు అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివిన. ఒక్క ప్రశ్న. ఆ చేపల మాట, మజ్జిగ మాట, మీ తమ్ముడికి చెప్పారా? ఆయనక్కూడా ఆమె అమ్మే కదా. మీరు అక్కడ నలభై నిమిషాలు నిలబడ్డారని ఆయనకు తెలుసు. ఎందుకు నిలబడ్డారో తెలుసా?

విడిగా తిరగొద్దని మళ్లీ అనను. మస్కట్ అమ్మాయి చెప్పింది నిజమే, ఎవరి సంచి వాళ్లకే ఉండాలె. ఈ ఒక్కటి మాత్రం చెప్పండి.

గోదావరి గట్టు

చెప్పలేదు పంతులుగారూ. ఆ రోజు కోపంలో చెప్పలేదు, తర్వాత రెండు రోజులు చెప్పే వీలు లేదు, ఇంటికొచ్చాక మర్చిపోయినట్టు ఊరుకున్నాను.

నిన్న రాత్రి ఫోన్ చేశాను. చేపల సంగతి చెప్తుంటే వాడు మధ్యలో ఆపి, "కవ్వం కింద పడ్డవాటికి దారేముందే" అని అమ్మ గొంతుతో అన్నాడు. వాడికీ చెప్పేదట. నాకే చెప్పిందనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. బకాన్ మీద తను ఎందుకంతసేపు ఉన్నాడో కూడా అప్పుడే చెప్పాడు. క్యూ సగం కారణమేనట. పైనుంచి చుట్టూ అడవి, పొడవాటి రాతి దారి కనిపిస్తుంటే నాన్న క్యాలెండర్ గుర్తొచ్చి, ఆ ఫొటో ఎక్కడి నుంచి తీసి ఉంటారా అని ఒక్కో కిటికీ దగ్గరా నిలబడి వెతికాడట.

చిన్నక్క గారూ, ఎవరేం చూశామో రాత్రి చెప్పుకోవడం మేము వదిలేశాం. మా ప్రయాణంలో పోయింది అదే.

ఇప్పటికి కుదిరింది ఇది. వచ్చే ఏడాది ఇండోనేషియాలోని జావా. ఎవరి సిమ్ వాళ్లది, ఎవరి పాస్‌పోర్ట్ వాళ్లది, డబ్బు చెరిసగం. పాస్‌పోర్ట్ దగ్గర వాడు ఇంకా గునుస్తున్నాడు, "నువ్వు హోటల్ గదిలో మర్చిపోతావు" అని. అది మాత్రం నేను వదలను. అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం బోరోబుదూర్‌లో పై అంతస్తులకు గంటల వారీ టికెట్ ఇచ్చి, గైడ్‌తో, అక్కడిచ్చే చెప్పులతోనే పంపుతారట. నేను ఎక్కలేను. వాడు పైకెళ్లే ఆ గంట నాది. దిగాక ఎక్కడ కలవాలో అక్కడికి వెళ్లగానే చూసి, ఇద్దరం అనుకుని, అప్పుడు విడిపోతాం. ప్రంబనన్ అనే హిందూ గుళ్ల దగ్గర మాత్రం వాడి మాటే. అక్కడ రామాయణం శిల్పాలు శివుడి గుడి చుట్టూ మొదలై బ్రహ్మ గుడిలో పూర్తవుతాయి. అది ఇద్దరం కలిసే నడుస్తాం. నా మోకాళ్ల కోసం మధ్యలో ఎన్నిసార్లు ఆగినా వాడు "ఎండెక్కుతోంది" అనకూడదని మాట తీసుకున్నాను.