అప్‌డేట్: తంబురా తీగతో హత్య మానేశాను

విజయవాడ నేపథ్యంలో నేను రాస్తున్న చిన్న హత్య కథలో గాయకుణ్ణి తంబురా తీగతో చంపించవచ్చా అని పోయినసారి అడిగాను కదా. ఆ ఆలోచన మానేశాను. తీగ ఇప్పుడు ఆయుధం కాదు, సాక్ష్యం.

కథ 1968లో, గవర్నరుపేటలో ఒక మేడగది. ‘నేను వచ్చేసేటప్పుడు గురువుగారు మధ్యమావతి రాగం పాడుకుంటున్నారండీ’ అంటాడు శిష్యుడు. గాయకుడికి శ్రుతినిచ్చే తంబురాలో మొదటి తీగ మామూలుగా మంద్ర పంచమం, అంటే కింది స్థాయి ‘ప’. హిందోళం, శ్రీరంజని లాంటి పంచమం లేని రాగాలకు కొందరు దాన్ని మధ్యమానికి, అంటే ‘మ’కి, దించుతారు. శవం పక్కనున్న తంబురా మధ్యమంలో ఉంది. మధ్యమావతిలో పంచమం ఉంది మరి! అంటే శిష్యుడి మాట అబద్ధం. పోలీసులకు తట్టదు. మృదంగం ముసలాయన ఒక్కసారి మీటి పట్టేస్తాడు.

గుంటూరులో వయొలిన్ నేర్పే మా బాబాయి ఒక మెలిక పెట్టారు: ‘బెజవాడ ఎండకి తీగ దానంతటదే దిగిపోతే?’ రెండు రోజులు టెన్షన్. చివరికి ఆయనే చెప్పారు, ఎండకి దిగితే నాలుగు తీగలూ తలోదారి పడతాయి, ఒక్కటే వెళ్లి సరిగ్గా మధ్యమం మీద ఆగదని. ఆ మాటే ముసలాయన నోట పెట్టేశాను.

శిష్యుడే హంతకుడా అంటే, కాదు. అబద్ధం ఎందుకు చెప్పాడన్నది ఇంకా రాస్తున్నాను.