బెంగళూరు బ్రూపబ్‌లకు మొదటిసారి వెళ్లేవారు ఏది ముందు రుచి చూడాలి?

ప్రశ్న (రామచంద్రపురం నుంచి)
నమస్కారమండి. వచ్చే నెల శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వెళ్లి, మా బావగారింట్లో మూడు రోజులు ఉండబోతున్నాను. అక్కడికక్కడే బీరు కాచి పోసే బ్రూపబ్‌ల గురించి ఎన్నాళ్లుగానో వింటున్నాను కానీ, ఇంతవరకు నేను తాగినది సీసా బీరు మాత్రమే. నాలుగైదు చోట్లకు పరుగులు తీయడం కన్నా రెండు చోట్ల నిదానంగా కూర్చుని, ఏ రకం ఎందుకు అలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బెంగళూరులో ఉంటున్న అమలాపురం వాసి)
ఇందిరానగర్ హండ్రెడ్ ఫీట్ రోడ్డులో 2010లో తెరిచిన టాయిట్‌తో మొదలుపెట్టండి. రెండో రోజు వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్ క్రాఫ్ట్‌వర్క్స్‌కు వెళ్లండి. రెండు ప్రాంతాలకూ మెట్రో పర్పుల్ లైన్ ఉంది కనుక బండి తీయవద్దు. పెద్ద గ్లాసు చెప్పకుండా చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు ఇచ్చే శాంప్లర్ అడగండి. గోధుమ బీరు ముందు, ఏల్ (కాస్త వెచ్చగా, త్వరగా పులియబెట్టే రకం) తరువాత, వేయించిన బార్లీతో చేసే నల్లటి స్టౌట్ చివర తాగాలి. బాగా వేయించిన బార్లీ చేదు నాలుకకు పట్టిందంటే, ఆ తరువాత గోధుమ బీరు రుచి తెలియదు.

జవాబు (పి.గన్నవరం నుంచి)
మీరు మన ప్రాంతం వారే కాబట్టి కల్లుతో పోల్చి చెబుతానండి. తెల్లవారుజామున దింపిన లొట్టిలోంచి తాటాకు దొన్నెలో పోయించుకుని, నురుగు మీది చీమలను ఊది పక్కకు నెట్టి తాగితే తియ్యగా ఉండే కల్లు, సాయంత్రానికి పుల్లబడిపోతుంది. గెల చివర కోసినచోట కారే రసంలో చక్కెర సిద్ధంగా ఉంటుంది కాబట్టి, లొట్టిలోను గాలిలోను ఉన్న ఈస్టే దాన్ని పులియబెడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగి నీరా దక్కుతుంది. బీరుకు వాడే బార్లీ గింజలో ఉండేది మాత్రం పిండి. అందుకే గింజను మొలకెత్తించి, ఆరబెట్టి మాల్ట్ చేసి, వేడినీటిలో నానబెట్టి ఆ పిండిని చక్కెరగా మార్చి, చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి మరిగించి, చల్లారిన తరువాత తాము ఎంచుకున్న ఈస్టును కలుపుతారు. జర్మన్ పద్ధతిలో చేసిన గోధుమ బీరు మూతి దగ్గరకు తెచ్చుకోగానే మాగిన అమృతపాణి వాసన, వెనుకనే లవంగం ఘాటు తగులుతాయి. అందులో పండు గాని లవంగం గాని వేయరు, ఆ రెండూ ఈస్టు పుట్టించినవే. నన్ను అడిగితే ఆ ఒక్క గ్లాసు కోసమైనా వెళ్లవచ్చునండి.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)
ఒక హెచ్చరిక చేయాలి. ఒక నగరంలో నాకు పోసిన లాగర్‌లో (చల్లగా పులియబెట్టే బీరు) వెన్న వాసన వచ్చింది. ఏల్ సుమారు 15 నుంచి 24 డిగ్రీల మధ్య త్వరగా పులుస్తుంది. లాగర్ 7 నుంచి 13 డిగ్రీలలో మెల్లగా పులిసి, ఆపైన కొన్ని వారాలు చల్లగా ఉండాలి. తొందరపడి దింపితే, లేదా గొట్టాలు సరిగా కడగకపోతే ఆ వాసన వస్తుంది. అలాంటి గ్లాసును మొహమాటపడకుండా వెనక్కి పంపండి. కూర్చున్న వెంటనే "ఈ వారం కొత్తగా ఏ ట్యాంకు తెరిచారు?" అని అడగడం మాత్రం మరచిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలండి. మొదటి సాయంత్రం ఇందిరానగర్‌లో గోధుమ బీరుతోనే మొదలుపెడతాను. ఆ అరటిపండు వాసన నాకు తెలిసిందో లేదో తిరిగి వచ్చాక ఇక్కడే రాస్తాను.