ఒకే ఇండెక్స్ ఫండ్‌కి రెండు ఎన్‌ఏవీలు... నాదెందుకు తక్కువ?

ప్రశ్న (వనస్థలిపురం నుంచి):
అందరికీ నమస్కారం. ఏడాదిన్నర కింద చీటీ డబ్బులు 3 లక్షలు వస్తే నిఫ్టీ సూచీలోని 50 కంపెనీల షేర్లనే కొనే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో ఒకేసారి పెట్టాను. బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్ గారే ఫారం నింపి నాతో సంతకం పెట్టించుకున్నారు. ఆ మరుసటి నెల నుంచి నెలనెలా 5 వేలు సిప్ కూడా నడుస్తోంది. మొన్న ఆఫీసులో టీ తాగుతూ ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. మా కొలీగ్‌దీ అదే కంపెనీ, అదే ఫండ్, కానీ అతని ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, ఎక్కువ. నిఫ్టీ ఒక్కటే కదా, ధరలు రెండేంటి? నా స్టేట్‌మెంట్‌లో పేరు చివర 'రెగ్యులర్ గ్రోత్' అని ఉంది. ఆ 3 లక్షలు ఇప్పుడు 3,40,000 అయ్యాయి. మార్చుకోవచ్చా? ట్యాక్స్ ఎంత పడుతుంది?

జవాబు (మారేడ్‌పల్లి నుంచి):
సరుకు ఒకటేనండీ, మధ్యలో కమీషన్ వేరు. మీది బ్యాంకు లాంటి ఏజెంటు ద్వారా కొన్న రెగ్యులర్ ప్లాన్, మీ కొలీగ్‌ది ఫండ్ కంపెనీ దగ్గరే నేరుగా కొన్న డైరెక్ట్ ప్లాన్. 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండ్‌కీ ఈ రెండో ప్లాన్ ఉంది. రెండింట్లోనూ అవే 50 షేర్లు, అదే మేనేజర్. రెగ్యులర్‌లో ఏజెంటు కమీషన్ కూడా ఖర్చులో కలుస్తుంది. దానికి మీకెవరూ బిల్లు పంపరు. ఏడాది ఖర్చుని రోజువారీగా చీల్చి ఎన్‌ఏవీలోంచే కోసేస్తారు, అందుకే తెలియదు. రోజూ కాస్త కాస్త కోత పడి మీ ఎన్‌ఏవీ వెనకబడింది. అతనిది ఎక్కువుంది కాబట్టి 'ఖరీదు' అనుకోకండి.

లెక్క చూడండి. ఉదాహరణకు రెగ్యులర్ ఖర్చు 0.6 శాతం, డైరెక్ట్ 0.2 శాతం అనుకుందాం. 3,40,000 మీద తేడా ఏడాదికి 1,360 రూపాయలు. చిన్నదే. కానీ డబ్బు పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. షేర్లు ఏరే పనే లేని ఫండ్‌లో ఏటేటా కమీషన్ కట్టడం నాకైతే మింగుడుపడదు.

మీ పాత ఫారం జిరాక్స్ ఉంటే పైన ఏఆర్‌ఎన్ అనే గడి చూడండి. అందులో నంబరు ఉందంటే అది అమ్మినవాళ్లది. డైరెక్ట్ అయితే అక్కడ 'డైరెక్ట్' అనే రాస్తారు.

ఇక ట్యాక్స్. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కి స్విచ్ అంటే చట్టం దృష్టిలో అమ్మి మళ్లీ కొన్నట్టే. 3 లక్షలు పెట్టి కొన్న యూనిట్లకి ఏడాది దాటింది కాబట్టి లాభం 40 వేలు దీర్ఘకాలికం. 2024 జులై 23 తర్వాతి రూల్ ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో అలాంటి లాభం 1,25,000 దాటితేనే, పైదాని మీద 12.5 శాతం. వేరే షేర్లేమీ అమ్మకపోతే మీకు పడేది సున్నా. సిప్‌లో మాత్రం ఏ నెల వాయిదాకి ఆ నెల నుంచే ఏడాది లెక్క. ఏడాది నిండనివి కదిలిస్తే లాభం మీద 20 శాతం. పాత యూనిట్లే ముందు పోతాయి కాబట్టి ఏడాది దాటినన్ని యూనిట్ల సంఖ్యే ఇచ్చి స్విచ్ పెట్టండి. ఎగ్జిట్ లోడ్, అంటే తొందరగా బయటికొస్తే కోసే ఛార్జీ, ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి.

జవాబు (కుషాయిగూడ నుంచి):
అన్నా, స్విచ్ చేస్తే సిప్ దానంతట అదే మారదు. పాత సిప్ విడిగా క్యాన్సిల్ చెయ్యాలె, డైరెక్ట్‌ల కొత్తది పెట్టుకోవాలె. నేను మరిచిపోతే మూడు నెలలు రెండూ కట్ అయినయ్.

ఇంకో మాట. ఏజెంటు దండుగ అని నేననను. 2020 జనవరిల నిఫ్టీ 12 వేల పైన ఉండె, మార్చి 23 నాటికి 7,600 దగ్గరికొచ్చింది. ఆ ఒక్కరోజే 13 శాతం పడ్డది. మా బావ భయపడి మొత్తం తీసేసిండు. ఆగు అని చెప్పేటోడు ఒక్కడు లేకుండె.

మారేడ్‌పల్లి:
ఒప్పుకుంటాను. చెప్పేవాళ్లు కావాలంటే ఒకసారి ఫీజు తీసుకునే, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్టరైన అడ్వైజర్ దగ్గరికి వెళ్లొచ్చు, డైరెక్ట్‌లోనే ఉంటూ.

ఇండెక్స్ అంటే పడదనే భ్రమ కూడా వద్దు. మన ఊరి సత్యం కంప్యూటర్స్ అప్పట్లో నిఫ్టీలోనే ఉండేది. 2009 జనవరి 7న దొంగ లెక్కల బాగోతం బయటపడితే ఒక్కరోజులో షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా పోయింది. నిఫ్టీలోంచి తీసేసింది ఆ తర్వాతే. ఇండెక్స్ ముందుగా పసిగట్టదు. 50లో ఒకటి కాబట్టి దెబ్బ తట్టుకుంటుంది, అంతే.

వనస్థలిపురం:
చాలా థ్యాంక్సండీ. ఇంకొకటి, ఇందులో లక్ష వచ్చే జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజుకి కావాలి. అదీ డైరెక్ట్‌కే మార్చనా?

మారేడ్‌పల్లి:
అయ్యో, అది ముందే చెప్పాల్సింది! ఆ లక్ష మార్చకండి, తీసేసి ఎఫ్‌డీలో వేయండి. జూన్‌లో కట్టాల్సిన ఫీజు షేర్లలో ఉండకూడదు. మిగతాదే స్విచ్ చేయండి.

మార్చే ముందు మీ ఫండ్ ట్రాకింగ్ డిఫరెన్స్ కూడా చూడండి. డివిడెండ్లు కలిపిన నిఫ్టీ, అంటే టీఆర్ఐ కంటే ఫండ్ ఎంత వెనకబడిందో చెప్పే అంకె అది. కంపెనీ సైట్‌లోనూ, ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ సైట్‌లోనూ ఉంటుంది. టీవీలో చూపించే నిఫ్టీతో పోల్చకండి, అందులో డివిడెండ్లు ఉండవు.

వనస్థలిపురం (నాలుగు రోజుల తర్వాత):
ఫండ్ సైట్‌లో పాన్‌తో లాగిన్ అయి చేసేశాను, పది నిమిషాల పని. లక్ష తీసి ఎఫ్‌డీ వేశాను. పాత సిప్ ఆపిన మర్నాడే బ్యాంకు నుంచి ఫోన్: "సార్, ఏమైనా ప్రాబ్లమా? ఇంతకంటే మంచి స్కీమ్ ఒకటుంది, ఒక్క పది నిమిషాలు ఇంటికొచ్చి చెప్తాను" అని.

కుషాయిగూడ:
రమ్మను అన్నా, చాయ్ తాగిపిచ్చి పంపు. సంతకం మాత్రం పెట్టకు.